గురువారం రానివాడు

ఖాదర్ హుస్సేన్ కాగితం నాలుగో మూలకి టేపు అంటించి బొటనవేలితో ఒత్తుతుండగానే, మెట్ల మీద ఎవరో "లిస్టు పడింది!" అని అరిచారు. రెండో అంతస్తులో పళ్లు తోముకుంటున్న వీరరాఘవరావుకి అది "లిఫ్టు పడింది" అని వినిపించింది. ఆయన బిల్డింగు ఫుట్‌బాల్ టీముకి గోల్‌కీపరు. బంతి ఎటు పోయినా ఒక క్షణం ఆలస్యంగా దూకే మనిషి, కేక దగ్గర మాత్రం ఆలస్యం చేయలేదు. నోటినిండా నురగతో దాన్ని పై అంతస్తుకి తన్నాడు. అయిదో అంతస్తులో ఉండే నాగేంద్రబాబు లిఫ్టు మెకానిక్కు. బనీను మీద, చేతిలో స్పానరుతో, మెట్లన్నీ దూకుతూ కిందికి వచ్చిపడ్డాడు.

"లోపల ఎవరన్నా ఇరుక్కున్నారేటండీ?" అన్నాడు ఆయాసపడుతూ.

లిఫ్టు నిక్షేపంలా ఉంది. తలుపు తెరిచి, ఎవరూ ఎక్కకపోయేసరికి నింపాదిగా మూసుకుంది.

"లిఫ్టు కాదురా సామీ, లిస్టు," అన్నాడు ఖాదర్. "దీనికి నీ స్పానరుతో పన్లేదు. పోయి మొహం కడుక్కో."

మెట్ల మీద నవ్వులు దొర్లాయి. వీరరాఘవరావు మూతి తుడుచుకుంటూ దిగి, "ఏదైతేనేం, పడ్డమైతే పడిందిగదండీ," అని సర్దుకున్నాడు. నాగేంద్రబాబు కూడా నవ్వుతూనే కాగితం దగ్గరికి వంగాడు. సగం చదివేసరికి నవ్వు ఆగిపోయింది.

"భాయ్, మూడో నంబరు దగ్గర షాహుల్ అనుందేటండీ?"

"షాహులే."

"మరి మీరు?"

"నిన్న నేను ప్రాక్టీసుకి రాలా గదా."

"అదేటండీ బాబూ! ఈరోజు ఫైనలు."

"ఫైనలైనా శుక్రవారమేగా. దాని ముందురోజు గురువారమేగా," అన్నాడు ఖాదర్, టేపు చుట్ట జేబులో వేసుకుంటూ.

నాగేంద్రబాబు స్పానరు వైపు చూసుకున్నాడు. "రాత్రి నేనేదో నోరు జారి అన్నానండీ. అది మనసులో పెట్టుకుని..."

"నువ్వన్నావని కాదబ్బయా."

అంతకన్నా ఒక్క ముక్క చెప్పలేదు. చెప్పకపోతే పుట్టేది కథే. ఆ కథ మెట్లెక్కింది. రెండో అంతస్తులో 'నాగేంద్రబాబు ఓ మాటన్నాడు' అని ఉన్నది, మూడో అంతస్తుకి 'ఖాదర్ అలిగాడు' అయింది, అయిదో అంతస్తు చేరేసరికి ఇద్దరూ చేయిచేసుకున్నారు.

షార్జాలోని రోలా పేటలో ఆ బిల్డింగుకి అయిదు అంతస్తులు, గదికి ఎనిమిది మంది. బెడ్ స్పేస్ అంటారు. బెడ్ ఉంటుంది, స్పేస్ ఉండదు. అందులోని తెలుగువాళ్లు పదిహేనేళ్ల కిందట పెట్టుకున్న టీము రోలా స్టార్స్. చూసేవాళ్లు గోలా స్టార్స్ అంటారు, గోల్ తక్కువ, గోల ఎక్కువ కాబట్టి. పెట్టినవాడు ఖాదర్. నడిపేదీ అతనే, ఆడేదీ అతనే. ఆడే చోటు లెఫ్ట్ బ్యాక్, ఎడమపక్క వెనక కాపలా, లిస్టులో మూడో నంబరు.

నలభై ఎనిమిదేళ్ల మనిషి. పొట్టిగా, గట్టిగా, కాళ్లు కాస్త ధనుస్సులా వంగి ఉంటాడు. రెండు ముంజేతుల మీదా వెంట్రుక మొలవదు. ఆవిరి ఇస్త్రీ పదిహేడేళ్లపాటు వాటిని కాలుస్తూ వచ్చింది. నెల్లూరు పక్క గూడూరులో, నిమ్మకాయల మార్కెట్టు యార్డులో చెప్పుల్లేకుండా ఆట నేర్చాడు. పదో తరగతిలో హిస్టరీ ఎక్కలేదు, చేతికి ఇస్త్రీ ఎక్కింది. ఇక్కడ ఒక పెద్ద లాండ్రీలో హోటళ్ల చొక్కాలు, కోట్లు రోజుకి రెండొందలు నున్నగా చేశాడు. ఊళ్లో గుల్జార్ బేగం, ఏడాది కిందట పెళ్లయిన కూతురు మాహిరా. కూతురి ఎదుగుదలంతా అతను ఫోన్లోనే చూశాడు. మధ్య మధ్యలో సిగ్నల్ పోయినట్టు ఆ పిల్ల బాల్యంలో కొన్నేళ్లు అతనికి పోయాయి.

టీముకి అతను పెట్టిన రూల్లు రెండే. గురువారం సాయంత్రం ప్రాక్టీసుకి రానివాడికి శుక్రవారం మ్యాచ్ లేదు. మ్యాచ్ లేనివాడు జెర్సీలు ఉతకాలి. కారణం అడగడు, చెప్పినా వినడు. పన్నెండు గంటల డ్యూటీలు చేసేవాళ్ల దగ్గర కారణాలకి కొదవ లేదు. ఒక్కొక్కటీ వింటూ పోతే శుక్రవారం పొద్దున ఇసుకలో పదకొండు కారణాలు నిలబడతాయి, మనుషులు నిలబడరు.

నెల కిందట ఒక గురువారం నాగేంద్రబాబు రాలేదు. ఆ సాయంత్రం అమలాపురం ఆసుపత్రిలో అతని భార్యకి నొప్పులు. ఇతను ఇక్కడ గదిలో గోడకి ఆనుకుని, ఫోను చెవికి పెట్టుకుని, ఆడపిల్ల ఏడుపు వినిపించేదాకా కదల్లేదు. శుక్రవారం పొద్దున లడ్డూల పెట్టె పట్టుకుని దిగాడు. లిస్టులో పేరు లేదు. ఖాదర్ లడ్డూ తీసుకున్నాడు, భుజం తట్టాడు, జెర్సీల మూట అతని చేతికిచ్చాడు. నాగేంద్రబాబు ఉతికాడు. ఆ తర్వాత మాట్లాడ్డం మానలేదు గానీ 'భాయ్' అనే ముందు ఒక చిన్న ఆగుడు వచ్చి చేరింది.

నిన్న గురువారం. పని ముగిశాక ఖాదర్‌ని కంపెనీ ఆఫీసుకి రమ్మన్నారు. రెండు నెలల కిందట లాండ్రీలోకి ఒక యంత్రం వచ్చింది. రైలు పెట్టెంత పొడుగు. తడి చొక్కాలు ఇటు తగిలిస్తే అటు మడత లేకుండా బయటికి వస్తాయి. యంత్రం వచ్చాక కంపెనీ కూడా ఒక లిస్టు అంటించింది. లెక్కగా పదకొండు పేర్లు. అందరికన్నా పాతవాడు కాబట్టి మొదటి పేరు ఖాదర్ హుస్సేన్. జీవితంలో ఒక లిస్టులో అతని పేరు మొదట ఉండడం అదే తొలిసారి.

"సార్, సంతకం రేపు పొద్దున పెడతా. ఈపూట ప్రాక్టీస్ ఉండాది," అని గుమాస్తాని హిందీలో బతిమాలాడు.

"ప్రాక్టీసా? నువ్వేమన్నా డాక్టరువా?" అన్నాడు గుమాస్తా. చెడ్డవాడేం కాదు, తన జోకుకి తనే నవ్వి కుర్చీ చూపించాడు. వీసా రద్దు కాగితాలు. "ఇక్కడొకటి, ఇక్కడొకటి, ఇక్కడ. ఖలాస్." టికెట్టు శుక్రవారం సాయంత్రానికే తీశారు.

బస్సు దిగి మైదానం దగ్గరికి వచ్చేసరికి ప్రాక్టీసు అయిపోయింది. మనుషులు లేరు, ఇసుకలో అడుగులే ఉన్నాయి. బిల్డింగు మెట్ల దగ్గర నాగేంద్రబాబు కూర్చుని బూట్ల ఇసుక దులుపుకుంటున్నాడు.

"రేపు లిస్టు చూద్దావండి," అన్నాడు తల ఎత్తకుండా. "రూలనేది ఆటగాళ్లకేనా, మేనేజర్లక్కూడానా అని."

ఖాదర్ గదిలోకి వెళ్లి సూట్‌కేసు మంచం కింద నుంచి లాగాడు. కింది మంచం షాహుల్‌ది. కడప మనిషి, ఒక కెఫెటీరియాలో పరోటాలు చేస్తాడు. పిండితో ఉండీ ఉండీ తనూ కాస్త పొంగాడు. అతనికి మాత్రం చెప్పక తప్పలేదు, సూట్‌కేసు చూశాడు కాబట్టి. ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాకే చెప్పాడు.

"టీములో చెప్పన్నా. చెప్తే భుజాల మీద ఎత్తుకొని ఆడిపిస్తారు," అన్నాడు షాహుల్.

"అందుకే చెప్పొద్దంటుండా."

తెల్లవారుజామున నమాజు ముగించుకుని, మెట్ల మీద కూర్చుని లిస్టు రాశాడు. ఒకటి, వీరరాఘవరావు. రెండు. పెన్సిలు మూడు దగ్గర ఆగింది. ఇన్నేళ్లలో అక్కడ అది ఆగింది లేదు. కరోనా సంవత్సరంలో మొదటి గోల్‌కీపరు వెంకటరాజు పోయినప్పుడు ఒకటో నంబరు పక్కన ఆ వారం ఖాళీ వదిలాడు. మూడు దగ్గర మాత్రం ఎప్పుడూ చేయి దానంతటదే నడిచేది.

అతనికి ఇవాన్స్ దొర గుర్తొచ్చాడు. కరోనాకి ముందు మైదానం పక్కన పెద్ద కుక్కని తిప్పుకుంటూ వచ్చే ముసలాయన. వేల్స్ అనే దేశమట. దొర ఇంగ్లీషుకీ ఖాదర్ ఇంగ్లీషుకీ వేల మైళ్ల దూరం. అయినా బంతి మధ్యలో ఉంది కాబట్టి మాటలు కలిశాయి. నూరేళ్ల కిందట దొర తాత బొగ్గు గనుల ఊళ్లో ఆడేవాడట. మొదట్లో అంచు గీత వెంట గాలిలా పరిగెత్తే వింగరు. ఊరు ఊరంతా గనిలోంచి నేరుగా వచ్చి, మసి మొహాలతో అతని ఆట చూసేది. యుద్ధానికి వెళ్లొచ్చాక క్లబ్బు చిక్కిపోయింది. ఆటగాడికీ మేనేజరుకీ వేరువేరుగా జీతం ఇచ్చుకోలేక రెండు పనులూ ఒక్కడికే అప్పజెప్పింది. టీము రాసేది, బూట్లకి మేకులు కొట్టేది, రైలు టికెట్లు తెచ్చేది, ఆడేది అతనే. "ప్లేయర్-మేనేజర్. నువ్వూ అదే," అన్నాడు దొర. ఆ మాట ఖాదర్‌కి చాలా నచ్చి, వారం రోజుల పొడుగునా వంటగదిలో కూడా అనుకుంటూ తిరిగాడు. "మీ తాత ఎప్పుడు ఆపాడు?" అని అడిగితే దొర నవ్వాడు. నలభై రెండేళ్లదాకా ఆపలేదట. ఆటగాడి పని అయిపోయిందని మేనేజరుకి చెప్పే ధైర్యం ఎవరికీ లేకపోయింది, ఇద్దరూ ఒక్కడే కదా. ఆఖరి మూడేళ్లు మసి మొహాలు గట్టు మీద తలలు దించుకుని చూశాయట.

మెట్ల మీద ఖాదర్ మూడు పక్కన 'షాహుల్' అని రాశాడు. అక్షరాలు కొంచెం పెద్దవిగా పడ్డాయి.

ఏడు గంటలకి మ్యాచ్. గోదాముల వెనక ఇసుక మైదానం, జనవరి చలి, సున్నంతో గీసిన గీతలు. అవతలి వాళ్లు మలబారు సూపర్‌మార్కెట్ కుర్రాళ్లు, బస్తాలు మోసిన కాళ్లు. ఇటువైపు ఇద్దరికి అత్యవసర డ్యూటీ పడడంతో పదకొండు మందికి పదకొండు మందే. గీత బయట ఖాదర్ ఒక్కడు, పక్కన నీళ్ల క్యాను.

ముందు వాళ్లు కొట్టారు. విరామానికి ముందు నాగేంద్రబాబు తలతో సమం చేశాడు. లిఫ్టు మెకానిక్కు కదా, పైకి లేవడం తెలుసు. ఖాదర్ గీత వెంబడి నడుస్తూ అరుస్తున్నాడు. "యల్లా, యల్లా, కదలండి! షాహులూ, ముందుకు పోవద్దురా, నీ వెనకాల ఎవడుండాడు?" షాహుల్ వెనక ఎవరూ లేరు. అతను చెమటలు కక్కుతూ, పొట్ట ముందు, తను వెనక పరిగెత్తుతున్నాడు. మాటిమాటికీ గీత వైపే చూస్తున్నాడు.

రెండో సగంలో సరిగ్గా అలా చూస్తూనే కాలు మడతపడి కూలాడు. ఇద్దరు మోసుకొచ్చి గీత పక్కన దించారు. చీలమండ అప్పటికే పరోటా పిండిలా ఉబ్బుతోంది.

నాగేంద్రబాబు పరిగెత్తుకొచ్చాడు. "రండి భాయ్. వాళ్లనీ అడిగాం, సరేనన్నారు. ఇంకా పదిహేను నిమిషాలుందండి."

"పోన్నా," అన్నాడు షాహుల్ కింద నుంచి. నొప్పికో దేనికో అతని కళ్లు నిండి ఉన్నాయి. "నీ కాళ్లు పట్టుకుంటా. ఈ పొద్దు ఒక్కపొద్దూ పో."

ఖాదర్ చెప్పులు విప్పాడు. కుడికాలు సున్నపు గీత దాటింది. ఇసుక చల్లగా తగిలింది. గూడూరు యార్డులో పొద్దున్నే తడి గోనెల మీద అడుగు పెట్టినట్టే ఉంది. ఎదురుగా నాగేంద్రబాబు మొహం. ఆ మొహంలో కోపం లేదు, తొందర ఉంది.

"నీ కూతురు పుట్టిన మర్నాడు నిన్ను ఆడనియ్యలా నేను," అన్నాడు ఖాదర్.

"ఇప్పుడదెందుకండీ బాబూ! నాకేం లేదండి. ఎప్పుడో మర్చిపోయాను."

"నువ్వు మర్చిపోయుంటావు. నేను మర్చిపోలా." కాలు వెనక్కి తీసుకున్నాడు. "పేరేం పెట్టారు?"

"దేవి అనండి. ఇంట్లో చిన్ని అంటన్నారు. భాయ్, టైము..."

"బాగుండాది. పో, పది మందితో ఆడండి. నువ్వు వెనక్కొచ్చి నిలబడు."

నాగేంద్రబాబు మొహం మారిపోయింది. "మీ పంతం మీదేనన్నమాట," అని వెనక్కి తిరిగాడు.

పది మందీ పన్నెండు నిమిషాలు ఆపగలిగారు. పదమూడో నిమిషంలో బంతి ఎడమవైపు నుంచి, ఎవరూ లేని చోటు నుంచి వచ్చింది. వీరరాఘవరావు ఒక క్షణం ఆలస్యంగా దూకాడు.

తిరిగి వస్తుంటే గోలా స్టార్స్‌కి గోల కూడా లేదు. బిల్డింగు ముందు నాగేంద్రబాబు జెర్సీ విప్పి ఖాదర్ చేతిలో పెట్టకుండా మెట్టు మీద పడేశాడు.

"పదిహేనేళ్లకి ఒక్క ఫైనలండి. కప్పు పోయినా పరవాలేదు, మాట నెగ్గాలి మీకు. అంతేగదండీ?"

ఖాదర్ వంగి జెర్సీ తీశాడు. "ఇంకెవరిదన్నా ఉంటే ఇయ్యండి. నీళ్లు పోతాయి," అన్నాడు.

స్నానాల గది బయట బకెట్టు ముందు గొంతుక్కూర్చుని పదకొండు జెర్సీలూ ఉతికాడు. ఇసుక అడుగుకి దిగేదాకా నీళ్లు మూడుసార్లు మార్చాడు. షాహుల్ జెర్సీకి మోచేతి దగ్గర చిన్న నెత్తురు మరక. దానికి విడిగా సబ్బు పెట్టి వేళ్లతో రుద్దాడు. బాల్కనీలో ఎనిమిది మంది లుంగీల మధ్య చోటు చేసి ఆరేశాడు. పల్చటి గుడ్డ, ఎండ తగిలితే రెండు గంటల పని.

ఆ రెండు గంటల్లో సూట్‌కేసు తాడు బిగించాడు. గుల్జార్ బేగానికి ఫోన్ చేశాడు. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

"మ్యాచ్ ఏమైంది?" అని అడిగింది.

"ఓడిపోయాం."

"నువ్వు బాగా ఆడావా?"

ఖాదర్ బాల్కనీ వైపు చూశాడు. "ఆ," అన్నాడు. పదిహేడేళ్లలో ఆవిడకి చెప్పిన అబద్ధాలు చాలా ఉన్నాయి, అన్నీ ఒంట్లో బాగుందనే. ఇది కొత్తది.

జుమా నమాజుకి వెళ్లొచ్చేసరికి బిల్డింగు బిర్యానీ తిని నిద్రకి పడింది. శుక్రవారం మధ్యాహ్నం ఆ అయిదు అంతస్తులూ ఒకే ఊపిరి తీస్తాయి. షాహుల్ మాత్రం కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని మేలుకుని ఉన్నాడు.

"కిందిదాకా వస్తానన్నా."

"ఆ కాలేసుకొనా? పండుకో." ఖాదర్ అతని తల మీద చేయి పెట్టాడు. "నూనె తగ్గించు పరోటాల్లో. ఎడమపక్క ఆడేవాడికి పొట్టుండకూడదు."

సూట్‌కేసు చక్రాలు చప్పుడు చేయకుండా చేత్తో ఎత్తుకుని నడిచాడు. లిఫ్టు ఎక్కలేదు, దాని గంట మోగుతుంది. మెట్లు దిగాడు. మంచం మీది షాహుల్‌కి ఎక్కడో తలుపు తెరిచినట్టు, మళ్లీ మూసినట్టు వినిపించింది. తర్వాత కింద టాక్సీ డిక్కీ మూసిన శబ్దం.

నాలుగున్నరకి నాగేంద్రబాబు నిద్ర లేచాడు. పొద్దున అన్న మాట నోట్లో చేదుగా ఉంది. వీరరాఘవరావుని వెంటేసుకుని మూడో అంతస్తుకి దిగాడు. వీళ్లిద్దరూ వెళ్తున్నారంటే గొడవ మిగతా సగం చూద్దామని ఇంకో నలుగురు వెనక వచ్చారు. తలుపు తీసి లోపలికి తల పెట్టాడు.

"భాయ్, పొద్దున కాస్త తప్పుగా..."

పై మంచం తెర పక్కకి లాగి ఉంది. పరుపు చుట్టి తాడు కట్టి ఉంది.

"పోయినాడు," అన్నాడు షాహుల్.

"ఎక్కడికండీ?"

"ఇంటికి. ఈపాటికి విమానం ఎక్కుంటాడు. ఇంక రాడు." షాహుల్ గోడ వైపు చూస్తూ చెప్పాడు. "వీసా క్యాన్సిల్. నిన్న ప్రాక్టీసు టైములో కంపెనీ పిలిచి సంతకాలు పెట్టించుకున్నారు. రేపు పెడతానని బతిమాలినాడంట, వాళ్లు ఇన్లేదు. అందుకే రాలేదు. నువ్వన్న మాటకి కాదు, పంతమూ కాదు."

వెనకనున్నవాళ్లలో ఎవరో "ఏంటంట?" అన్నారు. వీరరాఘవరావు తిరిగి, తగ్గు గొంతుతో, మొదటినుంచీ చివరిదాకా ఒక్క మాట మారకుండా చెప్పాడు. ఆ ఒక్కసారి ఎవరికీ ఏదీ వేరేగా వినిపించలేదు.

"ముందే చెప్తే..." అన్నాడు నాగేంద్రబాబు. "ఒక్క ముక్క చెప్తే ఎవడు కాదంటాడండీ? ఆఖరి మ్యాచ్ గదండీ ఆయనకి!"

"కాదనరనే చెప్పలేదు. నాతో ఒట్టు పెట్టిపిచ్చుకున్నాడు." షాహుల్ దిండు మీది కాలు సర్దుకున్నాడు. "నేను అడిగినా, ఎందుకన్నా అని. ఆ పిల్లోడికి బిడ్డ పుట్టినాదని చెప్పినా నేను ఇన్లేదు, ఇప్పుడు నాది ఎట్ట చెప్పేదిరా అన్నాడు."

నాగేంద్రబాబు పై మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. చుట్టిన పరుపు పక్కన, ఖాళీ చెక్క మీద జెర్సీల దొంతర ఉంది. అన్నీ ఇస్త్రీ చేసి ఉన్నాయి. ఫుట్‌బాల్ జెర్సీలకి ఎవరూ ఇస్త్రీ చేయరు. పాలియెస్టర్ గుడ్డకి నేరుగా ఇస్త్రీ పెట్టె తగిలితే కరిగిపోతుంది. కాలర్లు లేచి నిలబడ్డాయి, చేతుల మడతలు కత్తి అంచుల్లా ఉన్నాయి. పైనున్నది అతనిదే, పొద్దున మెట్టు మీద పడేసింది. దాన్ని ముట్టుకోబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు.

కింద వీధిలో బస్సు ఆగి, బయల్దేరింది.

కమ్మీ చివర, జెర్సీల మీద కప్పి పెట్టె నడిపిన పాత తెల్ల గుడ్డ ఒకటి ఆరేసి ఉంది. అంచుల్లో ఆరింది, నడుమ ఇంకా తడిగానే ఉంది.